ఆర్కే బీచ్ ఉచితంగానే ఉండాలి. ముందు కుళాయిలు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో బీచ్ శుభ్రత గురించి మాట వచ్చినప్పుడల్లా దాని వెంటే ఒక సలహా కూడా వస్తుంది. మనిషికి పదో ఇరవయ్యో టిక్కెట్టు పెడితే అల్లరి మూక రాదు, నాలుగు డబ్బులు వస్తాయి, ఆ డబ్బుతో ఇసుక శుభ్రంగా ఉంచవచ్చు అని ఆ సలహా సారాంశం. ఇది ఊసుపోక అనుకునే మాట కాదు. 2023లో రుషికొండ బీచ్‌లో అడుగు పెట్టడానికి మనిషికి 20 రూపాయల రుసుము వసూలు చేయాలన్న నిర్ణయం నిజంగానే బయటికి వచ్చింది. నగరంలో వ్యతిరేకత రేగడంతో దాన్ని ఆపుకున్నారు. ఆపుకున్నారే గాని, ఆ ఆలోచన మాత్రం చాలామంది మనసుల్లో అలాగే ఉంది. చదువుకున్నవాళ్ళు, తీరానికి ఎదురుగా అపార్టుమెంట్లలో ఉండేవాళ్ళు కూడా అది సబబే అంటూ ఉంటే విన్నాను. ఊరి నడిబొడ్డున ఉన్న రామకృష్ణా బీచ్ విషయంలో రేపు ఎవరికైనా ఇదే ఆలోచన వస్తే జవాబు ముందే ఉండాలని ఈ లేఖ రాస్తున్నాను. ఆర్కే బీచ్ ఎప్పటికీ ఉచితంగానే ఉండాలి. ఉచితమే కదా అని అక్కడికి వచ్చే మనిషికి కావలసిన కనీస సౌకర్యాలు ఎగ్గొట్టకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే, కాని దీనికి కారణాలు కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

ముందుగా ఈ తీరానికి ఎవరు వస్తారో చూడాలి. ఆదివారం సాయంత్రం కాళీమాత గుడి ఎదుట కాసేపు నిలబడితే గాజువాక, మల్కాపురం, గోపాలపట్నం, పెందుర్తి వైపుల నుంచి బస్సుల్లోను, షేర్ ఆటోల్లోను వచ్చి దిగే కుటుంబాలే ఎక్కువ కనిపిస్తాయి. సింహాచలం నుంచి వచ్చే 28 నంబరు బస్సులో అప్పన్న దర్శనం ముగించుకుని, ప్రసాదం సంచీ చేతిలో పట్టుకుని, రాత్రి రైలు వేళ దాకా సముద్రం చూద్దామని వచ్చే యాత్రికులు ఉంటారు. హాస్టళ్ళ పిల్లలు, కూలి పని దిగి నేరుగా వచ్చిన మేస్త్రీలు, కొత్తగా పెళ్ళయిన జంటలు, సముద్రాన్ని మొదటిసారి చూస్తున్న ఛత్తీస్‌గఢ్, ఒడిశా పర్యాటకులు ఉంటారు. వీళ్ళందరితో పాటు ఎవరి కంటా పడని ఒక వర్గం కూడా ఉంది. పెద్ద ప్రభుత్వాసుపత్రి అయిన కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఇక్కడికి నడిచి వచ్చేంత దూరంలోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం ఊళ్ళ నుంచి రోగులను తీసుకొచ్చి రోజుల తరబడి వార్డుల బయట పడిగాపులు కాసే బంధువులు సాయంత్రం పూట ఇద్దరేసి ముగ్గురేసి వచ్చి పిట్టగోడ మీద కూర్చుంటారు. వాళ్ళు ఫొటోలు దిగరు, ఏమీ కొనరు, పెద్దగా మాట్లాడుకోరు కూడా. కాసేపు గాలి తగిలించుకుని, రోగికి అన్నం పెట్టే వేళకు లేచి వెళ్ళిపోతారు. వీళ్ళను గేటు దగ్గర ఆపి టిక్కెట్టు ఎక్కడ అని అడగడానికి ఎవరికి మొహం చెల్లుతుంది?

మనిషికి 20 రూపాయలంటే ఎంతలే అనేవారు ఆ లెక్కను తమ జేబు నుంచి వేస్తున్నారు. అయిదుగురున్న కుటుంబానికి అది 100 రూపాయలు. పిల్లలకు ఒక్కొక్క మొక్కజొన్న పొత్తు, పెద్దలకు మురీ మిక్స్చరు, తిరుగు ప్రయాణానికి ఆటో అన్నీ కలిపి 200 రూపాయల్లో సాయంత్రం గడుపుకొని వెళ్ళాలనుకున్న ఇంటికి ఆ 100 చిన్న మొత్తం కాదు. అది పొత్తులను, మిక్స్చరును మింగేస్తుంది, లేదా రాకనే మాన్పిస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైంది. పెందుర్తిలో ఉండే ఒక తల్లి తన ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా సముద్రం దాకా రాగలుగుతోంది. ఇంతకుముందు మగవాళ్ళు తీసుకొస్తే తప్ప రాని ఆడవాళ్ళు పగటిపూట గుంపులుగా వచ్చి కూర్చోవడం నేను గమనించిన మార్పు. ప్రభుత్వం ఒక చేత్తో బస్సు టిక్కెట్టు తీసేసి, ఇంకో చేత్తో ఇసుక టిక్కెట్టు చింపితే ఆ తల్లికి మిగిలేదేముంటుంది?

టిక్కెట్టు అన్న మాటే నాకు గిట్టదని అనుకోవద్దు. ఈ బీచ్ రోడ్డు మీదనే ఐఎన్ఎస్ కురుసుర ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన ఆ సోవియట్ తయారీ జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. దానికి ఎదురుగా నౌకాదళం వాడి విరమించిన టీయూ-142 విమానాన్ని కూడా 2017 డిసెంబరులో మ్యూజియంగా ప్రారంభించారు. ఉప్పుగాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. రంగు వేయాలి, లోపల గాలి ఆడించాలి, చూపించి చెప్పే మనుషులకు జీతాలివ్వాలి. అక్కడ టిక్కెట్టు న్యాయమే, నేనూ కొనుక్కునే వెళ్ళాను. చూడాలనుకున్నవాడు కొంటాడు, వద్దనుకున్నవాడు రోడ్డు మీద నుంచే దాని పొడవు చూసి ఆశ్చర్యపడి ముందుకు పోతాడు. సముద్రం ఎవరూ కట్టి నిలబెట్టినది కాదు. దాని దగ్గరికి వెళ్ళే దారి మూసేసి, డబ్బిస్తే తెరుస్తామనడం వేరే సంగతి.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. ఎం.సి. మెహతా, కమల్‌నాథ్ కేసుగా పేరుపడిన తీర్పులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో సముద్ర తీరాలు, పారే నీరు, గాలి, అడవులు వంటివి ప్రజలందరివని, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేనని స్పష్టం చేసింది. గుడి ధర్మకర్త దేవుడి భూమిని తన సొంతానికి రాయించుకోకూడదన్నది మన పల్లెల్లో చదువురానివారికి కూడా తెలిసిన న్యాయమే. 2011 నాటి తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ అయితే హోటళ్ళు, రిసార్టులు కట్టుకునేవారు కూడా జనం తీరానికి వెళ్ళడానికి రెండు కట్టడాల మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పున జాగా వదలాలని రాసింది. ప్రైవేటు రిసార్టు దారి వదలాలి గాని, ప్రభుత్వం మాత్రం దారికి గేటు బిగించవచ్చునా?

ఇక ఉచితం అన్న మాట దగ్గరే ఒక అపోహ ఉంది. ఆర్కే బీచ్‌లో మనం తొక్కుతున్న ఇసుక ఊరికే వచ్చినది కాదు. మన తీరం వెంబడి అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను నైరుతి నుంచి ఈశాన్యానికి మోసుకుపోతుంటాయి. 1970లలో డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన పోర్టు ఔటర్ హార్బర్ కోసం అడ్డుకట్టలు కట్టిన తరువాత ఆ ఇసుక దక్షిణాన ఆగిపోయి, ఉత్తరాన ఉన్న నగర తీరానికి రావలసిన వాటా తగ్గింది. అలలు మాత్రం ఇక్కడి ఇసుకను ఎప్పటిలాగే పట్టుకుపోతున్నాయి. రాబడి ఆగి ఖర్చు ఆగకపోతే ఏమవుతుందో అదే అయింది. అందుకే పోర్టు దగ్గర ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తవ్వి, నీటితో కలిపి గొట్టాల ద్వారా ఈ ఒడ్డున పోసే పని ఏళ్ళ తరబడి సాగుతోంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక, ఆ తరువాతి కాలంలో రోడ్డు అంచు వరకు కోత పడి, పిట్టగోడ, నడకదారి కూలి పడిన దృశ్యాలు నగరవాసులు మరిచిపోయి ఉండరు. అంటే ఈ తీరాన్ని నిలబెట్టే ఖర్చు ఇప్పటికే ప్రజాధనం నుంచి సాగుతోంది. మల్కాపురంలో సబ్బు కొన్న మనిషి కట్టిన పన్నుకు కూడా అందులో కాస్త వాటా ఉంది. ఒకసారి కట్టినవాడి దగ్గర గేటు వద్ద రెండోసారి వసూలు చేయమని అడుగుతున్నారు.

మాట వచ్చింది కనుక ఇసుక గురించే ఇంకొకటి. అప్పుడప్పుడు ఈ తీరంలో ఇసుక నల్లగా మారిపోయి కనిపిస్తుంది. చూసినవాళ్ళు తారు కలిసిందనో, ఫ్యాక్టరీ వ్యర్థమనో కంగారు పడి ఫోన్లలో ఫొటోలు పంపించుకుంటారు. నిజానికి అది ఇల్మెనైటు వంటి బరువైన ఖనిజపు రేణువుల వల్ల వచ్చే రంగు. తేలిక ఇసుకను అల లాక్కుపోయినప్పుడు బరువైన నల్లరేణువు ఒడ్డునే మిగిలిపోతుంది. ఆ నలుపు చూసి భయపడనక్కర లేదు. కొన్ని చోట్ల వాన కాలువల నోటి నుంచి, వాన లేని రోజుల్లో కూడా సన్నటి ధారగా వచ్చి ఇసుక మీద చెరువు కట్టే ఆ మురుగు నలుపు చూసి మాత్రం తప్పకుండా భయపడాలి. పిల్లలు గూళ్ళు కట్టుకునేది దాని పక్కనే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సముద్రానికి వచ్చినవాడు నీళ్ళలో దిగకుండా ఉండడు. మోకాలి దాకా అని మొదలుపెట్టి నడుము దాకా తడుస్తాడు. పిల్లలైతే చెప్పనే అక్కర లేదు. తడిశాక ఏమిటన్నది ఈ బీచ్‌లో ఇంతవరకు సరైన జవాబు దొరకని ప్రశ్న. మొన్న వేసవిలో ఒక కుటుంబాన్ని చూశాను. పదమూడు, పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు ఇద్దరు నిలువెల్లా తడిసి, చలికి కాదు, సిగ్గుకు ముడుచుకుపోయి ఉన్నారు. తల్లి, మేనత్త కాబోలు, ఒక చీరను రెండు చివరలా పట్టుకుని ఒక దుకాణం వెనుక గోడకు అడ్డంగా కట్టారు. ఆ అడ్డు వెనుక ఒకరి తరువాత ఒకరు గబగబా బట్టలు మార్చుకుంటుంటే, తండ్రి ఇటు తిరిగి నిలబడి, అటుగా వచ్చే మగవాళ్ళను చేత్తోనే పక్కకు వెళ్ళమని సైగ చేస్తున్నాడు. తరువాత దుకాణంలో నీళ్ళ సీసా కొని, దానితో పిల్లల కాళ్ళ ఇసుక కడిగాడు. తాగే నీళ్ళు కాళ్ళకు పోస్తున్నావేమిటని పెద్దావిడ కేకలేసింది. తల్లి మాత్రం తడి చీరతోనే బస్సెక్కింది. సీటు తడుస్తుందని కాబోలు, కూర్చోలేదు.

ఇటువంటి దృశ్యం ఆ ఒక్కరోజుది కాదు. మంచినీటి కుళాయి, కాళ్ళు కడుక్కునే షవరు, గడియ పడే తలుపున్న గది, వెలుగున్న మరుగుదొడ్డి అనే నాలుగింటికి ఎంత ఖర్చవుతుంది? మరుగుదొడ్లు అసలే లేవని అనను. ఉన్నవాటిలో తాళం వేసినవి, తాళం లేకపోయినా లోపల నీళ్ళు లేనివి, నీళ్ళున్నా రాత్రి ఎనిమిది దాటాక దీపం వెలగనివి ఎన్ని ఉన్నాయో సాయంత్రం పూట ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన ఎవరినడిగినా చెబుతారు. నిర్వహణ ఒప్పందం ఎవరి చేతిలో ఉందో తెలియదు. తలుపు మీద పేరు ఉండదు, నంబరు ఉండదు. అటువంటప్పుడు జనం గోడల వెనుకకు, పడవల చాటుకు వెళుతున్నారని విసుక్కోవడం అన్యాయం. ఉన్న సౌకర్యాన్ని వాడనివాడిని తిట్టవచ్చు. లేనిదాన్ని ఎలా వాడతాడు?

రుసుము పెడితే శుభ్రత దానంతట అదే వస్తుందన్న వాదన కూడా నిలబడదు. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, మరుగుదొడ్లు, రక్షణ సిబ్బంది, చెత్త నిర్వహణ వంటి 33 అంశాలను చూసి ఇచ్చే గుర్తింపు అది. అంతటి పేరున్న బీచ్‌కు కూడా 2025 ఆరంభంలో నిర్వహణ లోపాల మీద ఫిర్యాదులు వెళ్ళడంతో ఆ జెండా కొద్దికాలం దిగిపోయింది. లోపాలు సరిదిద్దుకున్న తరువాత తిరిగి ఎగిరింది. అక్కడ చెడినదీ, బాగుపడినదీ రోజువారీ పనే. ఎవరో ఒకరు ప్రతి ఉదయం చీపురు పట్టారా, పంపు నడిచిందా, ఆ సంగతిని పైవాడు అడిగాడా అన్నదే లెక్క. టిక్కెట్టు పెడితే ఇవేవీ కాకుండా కొత్తగా కావలసినవి గేటు, కంచె, టిక్కెట్లు చింపే మనుషులు, వాళ్ళ మీద ఒక కాంట్రాక్టరు. కిలోమీటర్ల పొడవునా రోడ్డుకు ఆనుకుని ఉన్న తీరానికి కంచె వేయడమంటే ఎంత వికారంగా ఉంటుందో ఊహించుకోండి.

డబ్బు కావాలంటే మార్గాలు లేకపోలేదు. సొంత కారులో వచ్చి రోడ్డు పక్క జాగాలో గంటల తరబడి నిలిపేవారి దగ్గర పార్కింగు రుసుము గట్టిగా వసూలు చేయండి, నాతో సహా. మ్యూజియంల రాబడిలో, హోర్డింగుల అద్దెలో, ప్రదర్శనలకు, సినిమా చిత్రీకరణలకు ఇచ్చే అనుమతుల రుసుములో ఒక భాగాన్ని ఈ తీరానికే కేటాయించి, ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది అక్కడే బోర్డు మీద రాయండి. 2016లో అంతర్జాతీయ నౌకా సమీక్ష ఈ తీరంలోనే జరిగింది. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ప్రధానమంత్రి సహా లక్షల మంది ఈ రోడ్డు మీదికే వచ్చారు. అంతమందికి ఒక్క తెల్లవారుజామున చోటు, నీళ్ళు, దారి, భద్రత చూపించగలిగిన యంత్రాంగానికి ఆదివారం సాయంత్రం వచ్చేవారికి ఓ వరుస కుళాయిలు పెట్టడం చేతకాదంటే నమ్మశక్యం కాదు. చేతకాక కాదు, ఆదివారం జనాన్ని అతిథులుగా లెక్కించకపోవడమే కారణమని నాకు అనిపిస్తుంది.

ప్రాణాల సంగతి వేరుగా చెప్పాలి. ఈ తీరంలో ఏటా మునిగిపోతున్నవారి వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం. వారిలో ఎక్కువమంది బయటి ఊళ్ళ కుర్రవాళ్ళు, సముద్రాన్ని చెరువులా అనుకుని దిగినవాళ్ళు. అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి లోపలికి పోవడానికి ఇసుక మేటల మధ్య సన్నటి దారి చేసుకుంటుంది. ఆ దారిలో అల విరగదు, పైకి నీళ్ళు నిమ్మళంగా కనిపిస్తాయి. అందుకే అల భయం ఉన్నవాడు ఏరికోరి అక్కడే దిగుతాడు. దిగినవాడిని అది నిమిషంలో లోతుకు లాగేస్తుంది. గట్టి ఈతగాడైనా ఒడ్డుకేసి ఎదురీదితే అలిసిపోయి మునుగుతాడు. తీరం వెంబడి పక్కకు కొంతదూరం ఈది, లాగుడు వదిలాక ఒడ్డుకు తిరగాలి. ఈత రానివాడు వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకవేయాలి. ఈ మాత్రం సంగతి తెలుగులో, ఒడియాలో, హిందీలో బొమ్మతో సహా బస్టాపు దగ్గరే పెద్దగా రాసి పెట్టవచ్చు. ఇప్పుడున్న బోర్డుల్లో చాలావరకు ‘స్నానము చేయుట ప్రమాదకరము’ అని చెప్పి చేతులు దులుపుకుంటాయి. ఎక్కడ ప్రమాదం, ఎందుకు ప్రమాదం అన్నది చెప్పని హెచ్చరికను ఎవరు పట్టించుకుంటారు? లైఫ్‌గార్డులు ఉన్నారు, ప్రాణాలకు తెగించి ఎందరినో ఒడ్డుకు చేర్చారు. వారి సంఖ్యను జనం సంఖ్యకు తగ్గట్టు పెంచాలి, ఏ రోజు ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ కూడదో వారి చేత జెండాలు పాతించి చూపించాలి. కార్తీక పౌర్ణమికి, శివరాత్రి మరునాడు స్నానాలకు వచ్చే ముసలివాళ్ళ కోసం నీళ్ళలోకి తాళ్ళు కట్టి ఉంచడం పెద్ద ఖర్చేమీ కాదు. టిక్కెట్టు కొన్నవాడిని కూడా ఆ లాగుడు వదిలిపెట్టదు.

చెత్తకు కారణం చిరువ్యాపారులేనన్న మాట తరచుగా వినిపిస్తుంది. నేను దానితో సగం మాత్రమే ఏకీభవిస్తాను. మురీ మిక్స్చరు అమ్మే మనిషిని గమనించండి. రేకు డబ్బాలో మరమరాలు పోసి, ఉల్లిపాయ, టమాటా కళ్ళు మూసి తెరిచేలోగా తరిగి, కారం, నిమ్మరసం పిండి, గరిటెతో డబ్బా అంచున రెండు దెబ్బలు కొట్టి కాగితం పొట్లంలో పోసిస్తాడు. అతని సరుకు నుంచి మిగిలేది ఆ కాగితం ముక్క, అది మట్టిలో కలిసిపోతుంది. మొక్కజొన్న కండె కూడా అంతే. కలవనివి చిప్సు పొట్లాలు, శీతల పానీయాల సీసాలు, చాయ్ కప్పులు. నగరంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద 2022లో నిషేధం వచ్చింది, అదే ఏడాది ఆగస్టులో ఈ తీరం వెంబడి వేలమందితో భారీ ఎత్తున చెత్త ఏరించారు. ఆ పట్టుదల కొన్నాళ్ళే కనిపించింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం స్థలాలు గుర్తించి, గుర్తింపు కార్డులిచ్చి, ప్రతి బండి పక్కన మూతున్న చెత్తబుట్ట ఉంచి, తన చుట్టూ శుభ్రం చేసుకోవడం షరతుగా పెడితే పొట్ట కొట్టకుండానే పని జరుగుతుంది. గుర్రాలు తిప్పేవారికీ అదే షరతు పెట్టాలి.

ఈ తీరాన్ని వాడుకునేవాళ్ళలో ఇంకొందరిని ఎవరూ అడగరు. పెదజాలరిపేట మత్స్యకారులకు ఇది విహారస్థలం కాదు, పడవ లాగి వల ఆరబెట్టుకునే వాకిలి. ఏ అలంకరణ పథకం వచ్చినా ముందు వారితో మాట్లాడాలి. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ ఇసుకకే వస్తాయి. అటవీశాఖవారు గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను సముద్రంలో వదులుతున్నారు. ఆ నెలల్లో తీరం వైపు తిప్పిన రంగుదీపాలను రాత్రి కాసేపైనా ఆర్పగలిగితే బాగుంటుంది, ఎందుకంటే పిల్ల తాబేలు వెలుగును చూసే నీళ్ళ దారి వెతుక్కుంటుంది. చక్రాల కుర్చీలో ఉన్నవారు ఇప్పటికీ రోడ్డు మీద నుంచే సముద్రం చూసి వెళ్ళిపోతున్నారు. చెన్నై మెరీనాలో 2022 నవంబరులో వారి కోసం ఇసుక మీదుగా చెక్కబాట వేశారు. కొద్దిరోజులకే మాండస్ తుపానుకు అది దెబ్బతింటే బాగుచేసి మళ్ళీ నిలబెట్టారు. మన దగ్గర తుపాను భయం చెప్పి మొదలుపెట్టకుండా ఉండటం కంటే అది నయం.

ఇవన్నీ ఎవరు చేయాలన్న దగ్గరే కథ ఆగిపోతుంది. నగరపాలక సంస్థ, మహానగర అభివృద్ధి సంస్థ, పర్యాటక శాఖ, పోర్టు, నౌకాదళం, పోలీసులు, అటవీశాఖ, ఇందరికీ ఈ తీరంలో ఏదో ఒక పాత్ర ఉంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, తెగిపోయిన పైపు గురించి అడిగితే ఒకరు ఇంకొకరి వైపు చూపిస్తారు. కోస్టల్ బ్యాటరీ నుంచి లాసన్స్ బే దాకా ఒక్క అధికారిని బాధ్యుడిని చేసి, అతని హోదాను, ఫోను నంబరును ప్రతి మరుగుదొడ్డి తలుపు మీదా, ప్రతి కుళాయి స్తంభం మీదా రాయించమని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. వచ్చే కార్తీక మాసం మొదలయ్యేలోగా కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ దాకా ఉన్న మేరలోనైనా కుళాయిలు, బట్టలు మార్చుకునే గదులు, రాత్రి పదింటి దాకా వెలుగున్న మరుగుదొడ్లు, జెండాలతో లైఫ్‌గార్డులు ఉండేలా చూడాలి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఏదైనా ఒక ఆదివారం సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా మీ విలేకరిని అక్కడికి పంపించి, నీళ్ళు వస్తున్న కుళాయిలు ఎన్ని, తలుపు తెరిచి ఉన్న మరుగుదొడ్లు ఎన్ని, ఆడవాళ్ళు బట్టలు మార్చుకోగల గదులు ఎన్ని అన్నది లెక్కపెట్టించి, ఆ అంకెలను మర్నాటి జిల్లా పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.